దెబ్బ పడని చోట అడుగు పడుతుంది

వీధిలో డప్పుల ఊరేగింపు వెళ్తోంది. కూరగాయల సంచి పట్టుకుని మీరొక పక్కన నిలబడ్డారు, కాస్త దారి దొరికితే ఇంటికి పోదామని. ఎవరి పెళ్లో తెలియదు. పాట లేదు, మాట లేదు. నిమిషం తిరక్కుండానే మీ మడమ లేచి పడడం మొదలవుతుంది. కదపాలని మీరు అనుకోలేదు. పక్కనున్నవాళ్లు చూసి నవ్వేదాకా కదులుతున్న సంగతే మీకు తెలియదు.

1969లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం నుంచి 'సిస్సీ స్ట్రట్' అనే రికార్డు వచ్చింది. వాయించింది 'ది మీటర్స్' అనే నలుగురి బృందం. ఆర్గన్ మీద ఆర్ట్ నెవిల్, గిటారు మీద లియో నోసెంటెలి, బాస్ గిటారు మీద జార్జ్ పోర్టర్ జూనియర్, డ్రమ్స్ మీద జిగబూ మోడలిస్ట్. నిడివి మూడు నిమిషాలు. ఒకటి రెండు కేకలు తప్ప మనిషి గొంతు వినపడదు. ప్రేమ లేదు, విరహం లేదు, పాడుకుంటూ ఇంటికి వెళ్లడానికి ఒక్క చరణం లేదు. అయినా అది ఆ ఏడాది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పాటల పట్టికలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. యాభై ఏళ్లు దాటినా ఫంక్ నేర్చుకునే కుర్రాళ్లు ముందు దాన్నే సాధన చేస్తారు.

ఇక రెండో వింత. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి, ఫ్లోరిడాలోని బిగ్ సైప్రెస్ అనే చోట 'ఫిష్' అనే బృందం వేదిక ఎక్కింది. దిగింది మర్నాడు సూర్యోదయానికి. ఏడు గంటలకు పైగా ఏకబిగిన వాయించారు. జనం అలాగే నిలబడి ఉన్నారు. ఒక పాటను పట్టుకుని అరగంట సాగదీసి, ఎక్కడెక్కడో తిప్పి తెచ్చే ఇలాంటి బృందాలను 'జామ్ బ్యాండ్' అంటారు. మూడు గంటల సినిమాకే కుర్చీలో అటూ ఇటూ కదిలే మనుషులు, మాటలే లేని వాద్యాల కోసం తెల్లారేదాకా ఎందుకు నిలబడతారు?

దీని మీద గత ఇరవై ఏళ్లలో మెదడు శాస్త్రజ్ఞులు మంచి పని చేశారు. వాళ్లు చెప్పేది వింటే ఒక సంగతి అర్థమవుతుంది. ఈ సంగీతంలో వాయించిన దెబ్బలకు ఎంత పని ఉందో, వాయించకుండా వదిలేసిన దెబ్బలకూ అంతే పని ఉంది. ఆ ఖాళీని నింపేది వినేవాడి ఒళ్లు.

ఊరేగింపు వెనక నడిచిన జనం

శాస్త్రంలోకి వెళ్లే ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఫంక్ పుట్టింది ప్రయోగశాలలో కాదు, వీధిలో.

న్యూ ఆర్లీన్స్‌లో కాంగో స్క్వేర్ అనే మైదానం ఉంది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు ఆదివారాలు అక్కడ చేరి డోళ్లు వాయించి ఆడేవారు. ఆ లయలు బ్యాండు మేళాల్లోకి వచ్చాయి. ఆ ఊళ్లో మేళం లేకుండా పండుగ జరగదు, కొన్నిసార్లు శవయాత్ర కూడా జరగదు. మేళంవాళ్లు, ఊరేగింపు జరిపే సంఘంవాళ్లు ముందు వరస. వాళ్ల వెనక గొడుగులు, చేతిరుమాళ్లు ఊపుతూ వచ్చే ఊరిజనం రెండో వరస. ఆ జనానికీ, వాళ్ల నడకకూ, ఆ లయకూ కలిపి 'సెకండ్ లైన్' అనే పేరు నిలిచిపోయింది. పేరులోనే ఉంది చూడండి, వెనక వచ్చేవాళ్లదే ఆ సంగీతం. బోనాలకో నిమజ్జనానికో తీన్మార్ వెనక నడిచినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. జిగబూ మోడలిస్ట్ చేతుల్లో ఉన్నది ఆ వీధి నడకే. దాన్ని ముక్కలు చేసి, దెబ్బలను అటూ ఇటూ జరిపి డ్రమ్ముల మీద పరిచాడు.

అదే కాలంలో జేమ్స్ బ్రౌన్ మరో పని చేశాడు. అప్పటి అమెరికన్ పాటల్లో నాలుగు దెబ్బల ఆవర్తనంలో బరువు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడేది. ఆయన తన బృందాన్ని మొదటి దెబ్బ దగ్గర అందరూ కలవమన్నాడు. దాన్ని 'ది వన్' అనేవాడు. మన మాటల్లో అది సమం. సమం దగ్గర అందరూ గట్టిగా దిగాలి, మిగతా చోట్ల ఎవరి దారి వారిది. 1967 నాటి 'కోల్డ్ స్వెట్'లో ఈ పద్ధతి పూర్తిగా కుదిరింది. గిటారు రాగం పలికించడం మానేసి డ్రమ్ములా గీకడం మొదలుపెట్టింది. వాద్యాలన్నీ తాళవాద్యాలే అయిపోయాయి.

తాళం చెవిలో ఉండదు

తాళం శబ్దంలో ఉందనుకుంటాం. నిజానికి గాలిలో ఉన్నవి విడివిడి చప్పుళ్లే. వాటి కింద సమానంగా నడిచే లెక్కను పేర్చుకునేది మెదడు.

'అడుసు తొక్కనేల' అని ఎవరైనా అని ఊరుకుంటే మిగతా సగం మీ నాలుక మీదికి దానంతట అదే వస్తుంది. మెదడు ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉండి, రాబోయేదాన్ని సిద్ధం చేసుకుంటూ ఉంటుంది. తాళం విషయంలోనూ అంతే. మూడు నాలుగు దెబ్బలు సమాన దూరంలో వినగానే, ఐదోది ఎప్పుడు పడాలో మెదడు గుర్తు పెట్టుకుని అక్కడ కాపు కాస్తుంది.

ఈ గుణం నేర్చుకుంటే వచ్చిందా, పుట్టుకతోనే ఉందా? 2009లో హంగరీ శాస్త్రజ్ఞుడు ఇష్ట్వాన్ వింక్లర్ బృందం పుట్టి రెండు మూడు రోజులైన పసిపిల్లలు నిద్రపోతుండగా వాళ్లకు డ్రమ్ముల దరువు వినిపించింది. తలకు అంటించిన తీగలతో మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసింది. దరువులో అక్కడక్కడా మామూలు దెబ్బ ఒకటి తీసేస్తే పిల్లల మెదడు పెద్దగా పట్టించుకోలేదు. ఆవర్తనం మొదటి దెబ్బ, అంటే సమం, తీసేసినప్పుడు మాత్రం ఉలిక్కిపడ్డట్టు సంకేతం వచ్చింది. పుట్టి మూడు రోజులైనా దాటని బిడ్డ, నిద్రలో, సమం రాలేదని గమనించింది.

మరో ముక్క కూడా ఉంది. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే పరిశోధకులు స్కానర్‌లో మనుషులను కదలకుండా పడుకోబెట్టి లయలు వినిపించారు. తాళం స్పష్టంగా తోచిన లయలకు వినికిడి కేంద్రాలతో పాటు, మెదడు లోతుల్లో కదలికలను నడిపే భాగాలు కూడా చురుకయ్యాయి. చేయి కదలలేదు, కాలు కదలలేదు. కదలికల కార్యాలయం మాత్రం తెరుచుకుంది. తాళం వినడమంటే మెదడు దృష్టిలో సగం నడవడమే. ఊరేగింపు పక్కన మీ మడమ లేవడానికి మీ అనుమతి ఎందుకు అక్కర్లేదో ఇక్కడ తెలుస్తుంది. దాన్ని కదపడం కంటే కదలకుండా ఆపడానికే మీరు పూనుకోవాలి.

[చేసి చూడండి]

గదిలో నిలబడి, ఉన్నచోటే నడుస్తూ 'ఒకటి, రెండు, మూడు, నాలుగు' అని లెక్కపెట్టండి. ప్రతి అంకెకూ ఒక చప్పట్టు. ఇలా నాలుగైదు ఆవర్తనాలు. విసుగ్గా ఉంటుంది, సైనికుల కవాతులా.

ఇప్పుడు నడక ఆపకుండా, చప్పట్టును రెండుకూ మూడుకూ నడుమకు జరపండి. తర్వాత నాలుగుకూ ఒకటికీ నడుమ ఇంకొకటి వేయండి. ఒకటి దగ్గర మాత్రం చేతులు కలపొద్దు.

ఒకటి దగ్గర చప్పట్టు లేకపోయినా పాదం అక్కడ ఇదివరకటికంటే బరువుగా పడుతుంది. మోకాలు కాస్త వంగుతుంది. భుజాలు కూడా కలుస్తాయి. చేతులు వదిలేసిన దెబ్బను కాలు తీసుకుంది.

లేని దెబ్బకు లెక్క

దెబ్బ పడాల్సిన చోట పడకుండా, పడకూడని చోట పడడాన్ని పాశ్చాత్య సంగీతంలో సింకపేషన్ అంటారు. మనకు ఇది కొత్తేమీ కాదు. సమం దాటాక పల్లవి ఎత్తుకునే అనాగత ఎడుపు ఉంది. త్యాగరాజస్వామి దేశాది తాళ కీర్తనలు అలా సమం వదిలి ఎత్తుకునేవే. కచేరీలో వెనక వరసలో కూర్చున్నవాళ్లు తొడ మీద తాళం వేస్తూ, పాట రాని ఆ క్షణంలో ఒక్కసారి తల ఊపడం మీరు చూసే ఉంటారు.

ఎంత వదిలితే బాగుంటుంది? దీనికి జవాబు వెతికింది మరియా విటెక్ అనే పరిశోధకురాలి బృందం, 2014లో. వాళ్లు ఫంక్ డ్రమ్స్ ముక్కలు 50 తీసుకున్నారు. కొన్ని నేరుగా నడిచేవి, కొన్ని మధ్యస్థంగా తిరిగేవి, కొన్ని పూర్తిగా చిక్కుపడ్డవి. 66 మందికి వినిపించి రెండే ప్రశ్నలు అడిగారు. ఇది వింటే కదలాలనిపిస్తోందా? ఇది వింటే సుఖంగా ఉందా?

నేరుగా నడిచే దరువుకు మార్కులు తక్కువ. చిక్కుపడ్డ దరువుకూ తక్కువే. నడుమనున్నవాటికే ఎక్కువ మంది ఓటు వేశారు. రెండు ప్రశ్నలకూ గ్రాఫు కొండలా వచ్చింది, మధ్యలో శిఖరంతో.

కారణం ఆలోచిస్తే తేలిగ్గానే దొరుకుతుంది. దెబ్బలన్నీ సరైన చోట పడితే మెదడు ఊహించినవన్నీ నిజమవుతాయి, దానికి చేయడానికి పనేమీ మిగలదు. దెబ్బలన్నీ తప్పుగా పడితే తాళమే దొరకదు, ఊహించడానికి ఆధారం ఉండదు. మధ్యలో ఉన్నప్పుడు తాళం దొరుకుతుంది కానీ దాన్ని నిలబెట్టడానికి మన సాయం కావాలి. ఆ సాయం చేసేది మడమ, మెడ, భుజం. లోపల నడుస్తున్న లెక్క తప్పకుండా ఉండేందుకు ఒళ్లు దాన్ని బయట వేసి చూపిస్తుంది. పిల్లవాడు ఎక్కాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నట్టే.

పాటలో మాటలుంటే మన ధ్యాసలో కొంత అర్థం వెంట పోతుంది. వాద్య ఫంక్‌లో ఆ దారి లేదు. ధ్యాస అంతా ఈ లెక్క దగ్గరే నిలుస్తుంది. మాటలు లేకపోవడం దీని లోపం కాదని నేననేది అందుకే.

ఒకే రోట్లో నాలుగు రోకళ్లు

సంక్రాంతికి అరిసెల పిండి దంచే దృశ్యం గుర్తుందా? ఒకే రోలు, ఇద్దరు ఆడవాళ్లు, రెండు రోకళ్లు. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతుంది. ఎవరూ 'ఇప్పుడు నీ వంతు' అనరు. ఒకరి దంపుకు మధ్య ఉన్న ఖాళీ రెండోవారి చోటు. కళ్లు మూసుకుని వింటే ఒక మనిషి రెట్టింపు వేగంతో దంచుతున్నట్టు ఉంటుంది.

ఫంక్ బృందం కూడా ఇలాగే అల్లుకుంటుంది. ఏ ఒక్క వాద్యమూ పూర్తి వాక్యం పలకదు. బాస్ రెండు దెబ్బలు వేసి ఆగుతుంది, ఆ ఆగిన చోట గిటారు గీకుతుంది, గిటారు వదిలిన సందులో ఆర్గన్ ఒక ముక్క పెడుతుంది. అన్నీ కలిస్తేనే దరువు. 'సిస్సీ స్ట్రట్'లో గిటారు, బాస్ కలిసి ఒక చిన్న పదం పలికి ఆగుతాయి. ఆగిన చోట ఏముందో వినండి. జిగబూ డ్రమ్ములే ఉంటాయి, అవీ పొదుపుగా.

దీన్ని ఇంకా దగ్గరగా చూడాలంటే 'ఫంకీ డ్రమ్మర్' వినాలి. జేమ్స్ బ్రౌన్ బృందం 1969లో వాయించి 1970లో విడుదల చేసిన రికార్డు ఇది. అందులో కొన్ని సెకన్లపాటు అందరూ ఆగి డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ను ఒంటరిగా వదిలేస్తారు. కుడిచేయి చిన్న తాళాల జత మీద ఆవర్తనానికి 16 దెబ్బల చొప్పున నడుస్తుంటుంది. ఎడమచేయి మధ్య డ్రమ్ము మీద రెండు, నాలుగు దగ్గర గట్టిగా కొడుతుంది. ఆ గట్టి దెబ్బల నడుమ కర్ర చర్మం మీద ఊరికే తగిలీ తగలనట్టు మరికొన్ని దెబ్బలున్నాయి. వాటిని 'ఘోస్ట్ నోట్స్' అంటారు, దయ్యపు స్వరాలు. శ్రద్ధ పెడితే తప్ప వినపడవు. తీసేస్తే మాత్రం దరువు ఎండిపోయినట్టవుతుంది. మృదంగం మీద వేలి చివర్లతో వేసే మెత్తని పూరకాలు తెలిసినవాళ్లకు దీని విలువ తెలుసు.

ఆ కొన్ని సెకన్ల ముక్కను తర్వాతి తరం హిప్‌హాప్ కళాకారులు కత్తిరించి వెయ్యికి పైగా పాటల్లో అతికించుకున్నారు. ప్రపంచంలో అత్యధికంగా తిరిగి వాడుకున్న దరువుల్లో అదొకటి. రికార్డు మీద స్వరకర్తగా ఆయన పేరు లేదు కాబట్టి ఆ పాటలపై స్టబుల్‌ఫీల్డ్‌కు రాయల్టీ హక్కు దక్కలేదు. ఆయన 2017లో చనిపోయాడు. సంగీత చరిత్రలో ఇంత పెద్ద అన్యాయాలు నాకు ఎక్కువ తెలియవు.

పొట్టలో వినపడే వాద్యం

తాళం నడిపే బాధ్యత ఎప్పుడూ మంద్రస్థాయి వాద్యాలకే ఎందుకు ఇస్తారు? డోలు, బాస్ గిటారు, పెద్ద డ్రమ్ము. సన్నగా మోగే వాద్యం ఎందుకు ఆ పని చేయదు?

2014లో మైఖేల్ హోవ్ బృందం ఒకేసారి రెండు స్వరాలు వినిపించింది, ఒకటి పై స్థాయిది, ఒకటి కింది స్థాయిది. మధ్య మధ్య ఏదో ఒకదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు ముందుగా మోగించారు. పై స్వరం తొందరపడితే మెదడు తక్కువగా స్పందించింది. కింది స్వరం తొందరపడితే వెంటనే పట్టేసింది. వేలితో తాళం వేయమంటే వేళ్లు కూడా కింది స్వరాన్నే అనుసరించాయి. రాగంలో సూక్ష్మాలను పై స్థాయిలో బాగా పట్టే మన చెవి, కాలంలో సూక్ష్మాలను కింది స్థాయిలో బాగా పడుతుందన్నమాట.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2022లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. అక్కడొక కచేరీ హాలునే ప్రయోగశాలగా కట్టారు. ఎలక్ట్రానిక్ సంగీత కచేరీ జరుగుతుండగా, చెవికి దాదాపు అందనంత కింది స్థాయి శబ్దాన్ని కొన్ని నిమిషాలకోసారి పెడుతూ ఆపుతూ వచ్చారు. ప్రేక్షకుల తలకు కట్టిన పట్టీలు కదలికలను కొలిచాయి. ఆ శబ్దం ఉన్నప్పుడు జనం 11.8 శాతం ఎక్కువగా కదిలారు. అది ఎప్పుడు మోగుతోందో, ఎప్పుడు ఆగుతోందో వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. కింది స్థాయి శబ్దం చర్మం ద్వారా, చెవి లోపల శరీరం తూకం చూసే భాగం ద్వారా కూడా మనకు చేరుతుంది. ఊరేగింపులో డోలు దగ్గరగా వచ్చినప్పుడు పొట్టలో ఏదో కదిలినట్టుండేది అందుకే.

[డ్రమ్మర్ ఆలస్యం చేస్తాడా?]

మంచి డ్రమ్మర్ దెబ్బను సెకనులో కొన్ని వందో వంతులు వెనక్కి లాగి వేస్తాడనీ, ఫంక్ రహస్యం అంతా ఆ జాప్యంలోనే ఉందనీ సంగీతకారుల్లో గట్టి నమ్మకం ఉంది. ప్రయోగాలు దీన్ని పూర్తిగా బలపరచలేదు. కంప్యూటర్ సాయంతో దెబ్బలను అతిఖచ్చితంగా సర్ది వినిపిస్తే చాలామంది వాటికి కూడా సమానంగా, ఒక్కోసారి ఎక్కువగా మార్కులు వేశారు. దెబ్బ ఎంత ఆలస్యమైందన్నదానికంటే ఏ దెబ్బ వేశారు, ఏది వదిలారు, ఏది మెత్తగా వేశారు అన్నదే ముఖ్యమని నాకనిపిస్తుంది.

అదే పదం, మళ్లీ అదే పదం

ఈ సంగీతం మీద తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. 'ఒకే ముక్క తిప్పి తిప్పి వాయిస్తారు, ఇందులో ఏముంది?' అంటారు.

ఎలిజబెత్ మార్గూలిస్ అనే పరిశోధకురాలు ఇరవయ్యో శతాబ్దపు కఠినమైన ఆధునిక స్వరరచనలు తీసుకుంది. లూచియానో బెరియో, ఎలియట్ కార్టర్ వంటి పెద్దలు కావాలనే ఏదీ తిరిగి రాకుండా రాసినవి అవి. ఆమె కంప్యూటర్‌లో వాటిని కత్తిరించి, కొన్ని ముక్కలు మళ్లీ మళ్లీ వచ్చేలా అతికించింది. ఏ కళాదృష్టీ లేకుండా చేసిన అతుకులవి. విన్నవాళ్లు మాత్రం అతికించినవే ఎక్కువ బాగున్నాయన్నారు. అవే మనిషి రాసినట్టుగా ఉన్నాయని కూడా అన్నారు.

మొదటిసారి విన్నప్పుడు 'ఏమిటిది' అని వింటాం. నాలుగోసారికి అదేమిటో తెలిసిపోతుంది, ధ్యాస ఖాళీ అవుతుంది. అప్పుడు దయ్యపు స్వరాలు వినపడడం మొదలవుతాయి. బాస్ ఈసారి చివరి స్వరాన్ని కాస్త పొడిగించిందని తెలుస్తుంది. పదిసార్లు విన్నాక ఆ పదం మనదైపోతుంది, వాద్యంవాడికంటే ముందు మనమే లోపల వాయించేస్తాం. నగర సంకీర్తనలో ఒకే నామాన్ని అరగంట పాడినవాళ్లు ఇక్కడికి వేరే దారిలో వచ్చే ఉంటారు. మారనిది ఒకటి నిలకడగా ఉంటేనే మారేది కంటికి ఆనుతుంది.

ఎక్కడికి పోతుందో తెలియని పాట

ఇప్పుడు జామ్ బ్యాండ్ల దగ్గరికి వద్దాం. ఫంక్ చేసేది దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆట అయితే, జామ్ బ్యాండ్ అదే ఆటను అరగంట మైదానంలో ఆడుతుంది.

ఈ దారి వేసినవారు కాలిఫోర్నియాలో 1965లో మొదలైన 'గ్రేట్‌ఫుల్ డెడ్'. వాళ్ల 'డార్క్ స్టార్' పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది 'లైవ్/డెడ్' అనే ప్రత్యక్ష కచేరీ ఆల్బంలో అదే పాట 23 నిమిషాలు. మన మనోధర్మ సంగీతం తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు, కీర్తన రెండు పంక్తులు, నెరవు అరగంట. వాళ్ల ఇద్దరు డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ భారతీయ లయలను దగ్గరుండి తెలుసుకున్నవాడు. జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో 'డిగా రిథమ్ బ్యాండ్' రికార్డు చేశాడు. 1991 నాటి 'ప్లానెట్ డ్రమ్' ఆల్బంలో జాకిర్‌తో పాటు ఘటం విద్వాన్ విక్కు వినాయకరామ్ కూడా ఉన్నారు. దానికి గ్రామీ వచ్చింది. గ్రేట్‌ఫుల్ డెడ్ 'ది ఎలెవెన్' అనే పాటను 11 దెబ్బల ఆవర్తనంలో వాయించేది. రాక్ సంగీతంలో అది చాలా అరుదు.

వినేవాడి లోపల ఏం జరుగుతుంది? మాంట్రియల్‌లో రాబర్ట్ జాటోర్ బృందం 2011లో దీనిలో ఒక ముఖ్యమైన ముక్క పట్టుకుంది. ఒళ్లు జలదరించే సంగీతం వింటున్నప్పుడు మెదడులో డోపమీన్ విడుదల అవుతుంది. అది రెండు విడతలుగా, రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి ఆ శిఖర క్షణంలో. రెండోది దానికి ముందు, అది రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో. ఎదురుచూపుకు దాని సొంత ఆనందం, దాని సొంత చోటు ఉన్నాయి. రికార్డు పాటలో ఆ శిఖరం రెండో నిమిషంలో వస్తుందని ముందే తెలుసు. జామ్‌లో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, వాయించేవాళ్లకు కూడా. అసలు రాకపోవచ్చు. ఆ ఎదురుచూపు పది నిమిషాలు సాగి, నలుగురూ ఒకేసారి పాత పల్లవి మీద దిగినప్పుడు వేల గొంతులు ఒక్కసారి లేస్తాయి. అలా అరిచినవాళ్లు అప్పటిదాకా లోపల లెక్క వేస్తూ ఉన్నవాళ్లే.

వాయించేవాళ్ల మెదడునూ చూశారు. చార్లెస్ లిమ్ అనే వైద్యుడు స్కానర్‌లో పట్టే చిన్న కీబోర్డు చేయించి జాజ్ పియానో కళాకారులను అందులో పడుకోబెట్టాడు. ఆశువుగా వాయిస్తున్నప్పుడు, మనల్ని మనం కనిపెట్టుకుని తప్పులు దిద్దుకునే నుదుటి పక్క భాగం నెమ్మదించింది. 2014లో అదే బృందం ఇంకో ప్రయోగంలో ఇద్దరిని ఒకరికొకరు జవాబిచ్చేలా వాయించమంది. మాటల్లో వాక్యాలు అల్లే మెదడు భాగాలు చురుకయ్యాయి. మాటల అర్థాన్ని చూసే భాగాల్లో మాత్రం చురుకు తగ్గింది. అంటే వ్యాకరణం ఉంది, నిఘంటువు లేదు. వాద్యాల మధ్య సంభాషణ అని మనం అలవాటుగా అనే మాట మరీ అలంకారం కాదు.

ఈ సంభాషణ ఊరికే రాదు. ఫిష్ బృందం నలుగురూ గదిలో చేసే సాధన ఒకటుంది. ఒకరు చిన్న పదం మొదలుపెడతారు, మిగతా ముగ్గురూ తమ ముక్కను వెతుక్కుంటారు. మిగతావాళ్లంతా కుదురుకున్నారని చెవికి తెలిసిన క్షణంలో ఎవరికి వారు 'హే' అనాలి. నాలుగు 'హే'లూ కలిసి పడాలి. ఆ తర్వాత ఇంకొకరు పదం మారుస్తారు, మళ్లీ వెతుకులాట. తన వాయింపుకంటే పక్కవాడి వాయింపును ఎక్కువ వినే అలవాటు ఇలా చేతికొస్తుంది. 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి ఒక్క పాట కూడా రెండోసారి ముట్టుకోకపోవడం వెనక ఈ సాధన ఉంది.

అన్ని జామ్‌లూ గొప్పవని చెప్పను. చాలావాటిలో ఐదు నిమిషాల సరుకు ఇరవై నిమిషాలు నీళ్లు పోసుకుంటుంది. నా చెవికి తేడా ఎక్కడ తెలుస్తుందంటే, బాస్, డ్రమ్స్ నేల గట్టిగా ఉన్నంతసేపు గిటారు ఎంత దూరం పోయినా భయం లేదు. కింద నేల కరిగిందా, అది వాయించేవాళ్ల సరదాగానే మిగిలిపోతుంది. విటెక్ కొండ గ్రాఫులో కుడివైపు వాలు అదే.

పక్కవాడి మడమ

గ్రేట్‌ఫుల్ డెడ్ 30 ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి అభిమానులు టేపు రికార్డర్లు పట్టుకుని వచ్చేవారు. బృందం వాళ్లను తరిమేయలేదు. 1984 నుంచి వాళ్లకోసం హాలులో ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఆ టేపులు అమ్మకూడదు, పంచుకోవాలి, అదొక్కటే నియమం. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ అలా చేతులు మారీ మారీ, చివరికి అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరిచే రికార్డుల జాబితాలో చేరింది.

ఇంత మందిని ఇంత కాలం కట్టిపడేసింది సంగీతం ఒక్కటేనా, లేక పక్కన నిలబడ్డ మనుషులా? బ్రాన్విన్ టార్, రాబిన్ డన్‌బార్ మొదలైనవారు బ్రెజిల్‌లో విద్యార్థులతో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగం దీనికి కొంత జవాబిస్తుంది. కొందరు ఒకే రకం అడుగులు కలిసి వేశారు, కొందరు ఎవరి అడుగులు వారు వేశారు. తర్వాత చేతికి రక్తపోటు కొలిచే పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. కలిసి అడుగులు వేసినవాళ్లు ఎక్కువ ఓర్చుకున్నారు, పక్కవాళ్లు తమకు దగ్గరివాళ్లని ఎక్కువగా అన్నారు. నొప్పిని తగ్గించే రసాయనాలను శరీరమే తయారుచేసుకుందని పరిశోధకుల వివరణ.

న్యూ ఆర్లీన్స్ ఊరేగింపులో రెండో వరస ఈ పని చాలా కాలంగా చేస్తోంది. లేని దెబ్బ దగ్గర మీ మడమ పడింది, అదే క్షణంలో పక్కవాడి మడమ కూడా పడింది. ఇద్దరి తలల్లో ఒకే లెక్క నడుస్తోందని ఇద్దరికీ తెలిసింది.

ఇక మీరు వినాలి. 'సిస్సీ స్ట్రట్' మూడు నిమిషాలే, ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, అంత చిన్న స్పీకర్ బాస్‌ను సరిగా పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్లో, ఇంట్లో ఉన్న పెద్ద స్పీకరో చూడండి. మొదటిసారి బాస్ ఒక్కటే వినండి. రెండోసారి అందరూ ఆగిన చోట్ల జిగబూ ఏం చేస్తున్నాడో వినండి. మూడోసారి వినేటప్పుడు ఇంట్లోవాళ్లను ఎవరినైనా పిలిచి పక్కన నిలబెట్టుకోండి, వాళ్ల పాదాల వైపు ఒకసారి చూడండి.